పాసా? టిక్కెట్టా?

2024 వేసవి సెలవుల్లో స్విట్జర్లండు వెళ్లి వచ్చామని తెలిసిన నాటినుంచి మా స్టాఫురూములో నన్నడిగే ప్రశ్న ఒక్కటే. ఆల్ప్సు పర్వతాలు ఎలా ఉన్నాయని గాని, ఆ సరస్సుల నీళ్లు బొమ్మల్లో చూపించినంత నీలంగా ఉంటాయా అని గాని ఎవరూ అడగలేదు. "రైలు పాసు తీసుకున్నారా, ఎక్కడికక్కడ టిక్కెట్లు కొన్నారా? ఏది కలిసొచ్చింది?" అన్నదే అందరి ప్రశ్నానూ. లెక్కల లెక్చరరు అడిగాడంటే అర్థముంది; సంస్కృతం మాస్టారు కూడా అదే అడిగారు! అందుకని ఒక్కొక్కరికీ చెప్పుకునే శ్రమ లేకుండా అందరికీ కలిపి ఈ వారం ఇక్కడే చెప్పేస్తున్నాను.

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ముందు మాట సంగతి చూద్దాం. 'పాయు' అనే ధాతువుకు విడిపోవడమని అర్థం. 'పాసి' అంటే విడిచి. ఎడబాసి అన్న మాటలో ఉన్నది ఇదే. చేతిలోని డబ్బు ఒక్కసారిగా మనల్ని ఎడబాసేటట్టు చేస్తుంది గనుక పాసు అన్నారని నా వ్యుత్పత్తి. మా ఆవిడ దీనికి నవ్వలేదు. డబ్బు ఆవిడది మరి. రెండేళ్లపాటు నెలనెలా కట్టిన చీటీ పాడితే వచ్చిన సొమ్ముకు నా జీతం బకాయిలు తోకలా తగిలించి వేసుకున్న ప్రయాణం అది. అప్పట్లో స్విస్ ఫ్రాంకు అంటే మన రూపాయల్లో తొంభై పైమాట. అక్కడ ఒక కాఫీ తాగి ఇక్కడి ధరలోకి మార్చి చూసుకున్నవాడు రెండో కాఫీ తాగడు.

ప్రయాణం చేసేది నలుగురం: నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల మా అమ్మాయి, డెబ్బై నాలుగేళ్ల మా నాన్నగారు. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆయన్ని ఒక్కణ్ణీ తెనాలిలో వదిలి మేము మంచుకొండలు చూడటానికి వెళ్లడం నాకే బాగా లేదు. "నేనెందుకురా, ఇంటికి కాపలా ఉంటాను" అన్నారాయన. "పాస్‌పోర్టుకు ఫోటో దిగండి మామయ్యగారూ" అంది మా ఆవిడ. ఆవిడ ఒకసారి అన్నాక మా ఇంట్లో అప్పీలు లేదు.

నాన్నగారు రైల్వేలో బుకింగు క్లార్కు. 1972లో చేరి 2010లో రిటైరయ్యారు. అంటే ముప్పై ఎనిమిదేళ్లపాటు ఒక కంతకు ఇవతల కూచుని, అవతలనుంచి లోపలికి దూరే చేతులకు టిక్కెట్లు అందించారన్నమాట. ఆ రోజుల అట్టముక్క టిక్కెట్టు ఈ తరం పిల్లలు ఎరగరు. దాన్ని తేదీ కొట్టే యంత్రంలో టకీమని నొక్కి ఇచ్చేవారు. ఆ చప్పుడు మా నాన్నగారి చేతిలో ఉన్నంత ముచ్చటగా మరొకరి చేతిలో లేదని నా చిన్ననాటి నమ్మకం. పాసంటే ఆయనకు కొత్త కాదు. ఉద్యోగులకు ఏడాదికి ఇన్నని ఇచ్చే ఉచిత పాసులు మా ఇంట్లో పెళ్లిళ్లకూ, తిరుపతి మొక్కులకూ, అత్తయ్యల పురుళ్లకూ ఖర్చయ్యేవి. ఆయన కోసమని వాడుకున్నది, నాకు తెలిసి, ఒక్కటే: నా ఎనిమిదో ఏట మమ్మల్ని ఊటీ తీసుకెళ్లింది. మేట్టుపాళయంలో ఎక్కబోయేముందు ఇంజను దగ్గరికి నన్ను తీసుకెళ్లి, దాని మీది ఇత్తడి పలక చదివించారు. వింటర్‌థర్ అని ఉంది. "ఇది స్విట్జర్లండులో పుట్టిందిరా" అన్నారు. నిజమే. నీలగిరి రైలుకు పళ్లపట్టాల పద్ధతి కనిపెట్టిన రోమన్ ఆబ్ట్ స్విట్జర్లండువాడు. ఆ ఇంజన్లు చేసిన కర్మాగారం వింటర్‌థర్ పట్టణంలోది.

ఇక అసలు విషయం. అక్కడ ప్రయాణించే పరదేశులకు ముఖ్యంగా మూడు దారులు. ఒకటి పాసు. 3, 4, 6, 8, 15 రోజులకని దొరుకుతుంది. అన్ని రోజులూ వరసగా రైళ్లు, బస్సులు, సరస్సుల మీది పడవలు, పట్నాల్లో ట్రాములు - దేనికీ టిక్కెట్టు అడగరు. 500కి పైగా మ్యూజియములు కూడా ఉచితం. 2024లో రెండో తరగతికి 8 రోజుల పాసు 419 ఫ్రాంకులు, అంటే మనిషికి దగ్గర దగ్గర 40 వేల రూపాయలు. రెండోది సగం చార్జీ కార్డు. అదే ఏడు దాని ధర 120. నెల రోజులు చెల్లుతుంది. ఇది చూపిస్తే దాదాపు ప్రతి టిక్కెట్టూ సగం ధరకు ఇస్తారు. మూడోది ఏ కార్డూ లేకుండా నిండు చార్జీ ఇచ్చి కొనుక్కోవడం. ఆ ఏటి ధరల్లో నిండు చార్జీల మొత్తం 240 ఫ్రాంకులు దాటేవాడికి ఇది తెలివితక్కువ పని, ఎందుకంటే అక్కడికే సగం కార్డు ఖరీదు రాబట్టుకునేది. ఆ దేశంలో 240 ఫ్రాంకులు దాటడానికి ఎంతో తిరగనక్కర లేదు. ఇవిగాక ముందుగా కొనుక్కునే ఒక్కరోజు పాసులున్నాయి. ఆరు నెలల ముందునుంచీ అమ్ముతారు. ఆలస్యమైన కొద్దీ ధర పెరుగుతుంది. పదహారేళ్ల లోపు పిల్లలకు బెంగ లేదు. తల్లిగాని తండ్రిగాని పాసో సగం కార్డో కొంటే, అడిగినవారికి పిల్లల కార్డు ఊరికే ఇస్తారు. దానితో మా అమ్మాయి ఎనిమిది రోజులూ దొరసానిలా తిరిగింది.

నేను పాసు పక్షం. బద్ధకస్తుడు ఎప్పుడూ పాసు పక్షమే. మా ఆవిడ టిక్కెట్ల పక్షం. "తిరగని రోజుకు కూడా డబ్బు కట్టడమేమిటండీ?" అని ఆవిడ వాదన. నెల రోజులు వాదించుకున్నాం. నాన్నగారు మధ్యలో ఒక్క మాట అనలేదు. ఒక రోజు సాయంత్రం మాత్రం, పాత డైరీలో ఖాళీ పేజీలు కుట్టి చేసుకున్న తన లెక్కల పుస్తకం తెచ్చి మా మధ్య పెట్టారు.

ఆ లెక్క ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. పాసు 419. సగం కార్డు 120. తేడా 299. కార్డున్నవాడు ప్రతి ప్రయాణానికీ సగం ఇచ్చుకుంటాడు గదా, ఆ సగాలన్నీ చేరి 299 కావాలంటే నిండు చార్జీల మొత్తం 598 కావాలి. ఎనిమిది రోజుల్లో 598 ఫ్రాంకులకు మించి తిరిగేవాడికి పాసు లాభం. తక్కువ తిరిగేవాడికి కార్డు లాభం. అంతే సూత్రం. ఇదే లెక్క 3 రోజుల పాసుకు (244 ఫ్రాంకులు) కడితే 248 వస్తుంది, అంటే రోజుకు 83 ఫ్రాంకుల తిరుగుడు. 8 రోజులదానికి రోజుకు 75. 15 రోజులదానికి (459) మొత్తం 678, రోజుకు 45 మాత్రమే. చిన్న పాసు కొనేవాడు కాలికి బలపం కట్టుకోవాలి, పెద్ద పాసు కొనేవాడు నింపాదిగా తిరిగినా గిట్టుబాటే. ధరలు ఏటా మారతాయి. కాబట్టి చదువరులు నా అంకెలు పట్టుకోవద్దు, మా నాన్నగారి పద్ధతి పట్టుకోండి.

కొండల దగ్గర మరొక మెలిక ఉంది. రిగి పర్వతానికి పాసుంటే ఉచితం. పిలాటుస్, గోర్నర్‌గ్రాట్ వంటివాటికి పాసుకైనా కార్డుకైనా సగమే. అందరూ చూడాలనే యుంగ్‌ఫ్రావ్ కొండకు మాత్రం పాసున్నవాడికి కింది ఊళ్ల దాకా ఉచితం, అక్కడినుంచి పైకి పావు వంతే తగ్గింపు. సగం కార్డు ఉన్నవాడికి మొదటినుంచి చివరిదాకా సగం. ఆ ఒక్క కొండ నిండు చార్జీయే రానూపోనూ 200 ఫ్రాంకులు దాటుతుంది. కాబట్టి దాన్ని ఎక్కదలచినవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి.

మేము వేసుకున్న ప్రయాణం లెక్క చూస్తే ముగ్గురికీ సగం కార్డే మేలని తేలింది. మా ఆవిడ గెలిచింది. నాన్నగారు లెక్క ముగించి పుస్తకం మూసేశారు. మర్నాడు నేను ఫోను నంబరేదో రాసుకుందామని ఆ పుస్తకం తెరిస్తే, ఇంకో పేజీ కనిపించింది. పైన ఆయన పేరు ఒక్కటే ఉంది. కింద ఊళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి: బెర్న్, వింటర్‌థర్, గోషెనెన్, ఐరోలో. అన్నిటికీ చార్జీలు వేసి కూడారు. ఆ పేజీ మొత్తానికి అడ్డంగా, రద్దయిన టిక్కెట్టుకు కొట్టినట్టు, రెండు గీతలు.

పట్టుకెళ్లి చూపించి "ఏమిటి నాన్నా ఇది?" అన్నాను.

"ఏం లేదురా. మీరు యుంగ్‌ఫ్రావ్ వెళ్లే రోజున నేనెలాగూ రాను. డాక్టరు వద్దన్నాడు. ఊరికే కూచోవడమెందుకని... పాసుంటే ఏ బండి వస్తే ఆ బండి ఎక్కొచ్చు, నచ్చినచోట దిగొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. కాని నష్టం. దగ్గర దగ్గర 80 ఫ్రాంకులు పోతాయి. నువ్వు చేసే పని కాదు అది."

మూడేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. 3454 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషనుకు వెళ్లవద్దని డాక్టరు చెప్పిన మాట నిజమే. ఆ మాట మేమందరం విన్నాం. ఆ రోజున ఆయన ఏం చేస్తారని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. నేను లెక్క కట్టుకుంటూ నిలబడ్డాను: 80 ఫ్రాంకులంటే ఏడు వేల పైచిలుకు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. పుస్తకం తీసుకుని చూసింది. "మామయ్యగారికి పాసు కొనండి" అని నాతో చెప్పి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. టిక్కెట్ల పక్షం మనిషి!

వెళ్లాం. స్టేషనులో ఎక్కడా గేటు లేకపోవడం నాన్నగారికి మొదటి ఆశ్చర్యం. ఎవరి మానాన వాళ్లు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి ఎక్కుతారు; పరీక్ష చేసేవాడు బండిలోనే వస్తాడు. రెండో ఆశ్చర్యం గడియారం. 1944లో హన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపొందించిన గడియారం అది. సెకండ్ల ఎర్ర ముల్లు చుట్టు పూర్తిచేసి, పన్నెండు దగ్గర ఒక క్షణం ఆగుతుంది. కేంద్రంనుంచి సంకేతం రాగానే నిమిషాల ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది, అప్పుడు ఎర్ర ముల్లు మళ్లీ బయలుదేరుతుంది. నాన్నగారు జ్యూరిక్‌లో దాని కింద నాలుగు నిమిషాలు నిలబడి నాలుగు గెంతులు చూశారు. ఆయన్ని కదిలించడానికి మా అమ్మాయి చెయ్యి పట్టి లాగవలసి వచ్చింది.

మూడు రాత్రులు లూసెర్న్‌లో ఉన్నాం. మర్నాడు సరస్సు మీద పడవలో విట్స్‌నావ్ చేరి రిగి కొండ రైలెక్కాం. 1871లో వేసిన ఆ దారే యూరపులో మొట్టమొదటి పళ్లపట్టాల కొండ రైలు, కట్టినవాడు రిగ్గెన్‌బాఖ్. బండి కదలకముందు నాన్నగారు ప్లాట్‌ఫారం అంచున వంగి పట్టాల మధ్యకు చూసి, "మన ఊటీదానికి పక్కపక్కనే రెండు పళ్లపట్టీలుంటాయి. ఇది నిచ్చెన. చూడు, మెట్లు" అని మా అమ్మాయికి చూపించారు. పక్కనున్న తెల్లవాడొకడు భాష తెలియకపోయినా తానూ వంగి చూశాడు. పైన ఏముందంటారా? కొండలు, మబ్బులు, పిండివంటల కంటె ఖరీదైన టీ. మా పులిహోర మేం తిన్నాం.

నాలుగోనాడు లూసెర్న్‌నుంచి లౌటర్‌బ్రున్నెన్‌కు. ఇక్కడ నా తెలివి తెల్లవారింది. సగం కార్డు మీద ఇంకా తగ్గింపుతో ఒక రకం టిక్కెట్లు అమ్ముతారు. అయితే అవి ఆ బండికే చెల్లుతాయి, మరో బండికి చెల్లవు. నాలుగు ఫ్రాంకులు మిగుల్తాయి గదా అని మా ఇద్దరికీ అవే కొన్నాను. లూసెర్న్ స్టేషను సరస్సుకు ఎదురుగానే ఉంటుంది. మా అమ్మాయి హంసలకు వీడ్కోలు చెప్పివస్తానని వెళ్లింది. హంసలు ఒకటి కాదు గదా! మేం ప్లాట్‌ఫారం చేరేసరికి బండి వెనకభాగం కనిపించింది. టిక్కెట్లు రెండూ చెల్లనివయ్యాయి. మళ్లీ కొన్నాను. నాన్నగారు బెంచీ మీద కూచుని పాసు తీసి చూసుకుని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది. ఆ చవక టిక్కెట్టు పిల్లలూ, ముసలివాళ్లూ, హంసలూ లేని ప్రయాణికులకు పనికొస్తుంది.

అయిదోనాడు మేం ముగ్గురం యుంగ్‌ఫ్రావ్ ఎక్కాం. 1896లో మొదలుపెట్టి 1912లో ముగించిన రైలు దారి అది. చివరి భాగమంతా ఐగర్, మోంఖ్ కొండల కడుపులోంచి సొరంగం. పైన మంచు. మా అమ్మాయి మంచు ముద్దలు చేసి నన్ను కొట్టింది. నాకు కొంచెం తల తిరిగింది. దాని గురించి ఇంతకంటె రాయను. ఆ రోజంతా నా మనసు కింద ఉంది. పొద్దున్న ఆరున్నరకే నాన్నగారు టోపీ పెట్టుకుని, సంచీలో రెండు చపాతీలూ ఆవకాయ ముక్కా, మందుల డబ్బా పెట్టుకుని స్టేషనుకు నడిచారు. ఫోను ఇచ్చాం గాని ఆయనకు ఫోను ఎత్తే అలవాటు తక్కువ.

సాయంత్రం అయిదయింది, ఆరయింది. ఏడింటికి నేను స్టేషనులో నిలబడ్డాను. అరగంటకొక బండి చొప్పున వచ్చి జనాన్ని దింపి వెళ్లింది. మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. "నేనే కొనమన్నాను" అంది. నేనేం అనలేదు. ఏడుంబావు దాటాక వచ్చిన బండిలోంచి ఆయన దిగారు. టోపీ లేదు. ఎక్కడో మరిచిపోయారట.

"వింటర్‌థర్ చూశాను" అన్నారు. "ఆ కర్మాగారం లేదురా. మూసేసి చాలా ఏళ్లయిందిట. ఆ పేటంతా మారిపోయింది. అయినా ఇటుక గోడలున్నాయి కొన్ని. ఒకాయనకి ఫోనులో ఊటీ ఇంజను బొమ్మ చూపించాను. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఏమన్నాడో తెలీదు."

మా ఆవిడ ఆయన చేతిలోని సంచీ అందుకుంది. అందులో చపాతీలు అలాగే ఉన్నాయి. దారంతా చీవాట్లు పెడుతూ నడిచింది. ఆయన తల వంచుకుని వింటూ నడిచారు గాని, నడక మాత్రం పొద్దుటికంటె హుషారుగా ఉంది.

ఆ రాత్రి పుస్తకం తీసి చార్జీలు రాసుకున్నారు. ఎక్కిన ప్రతి బండికీ, పడవకీ నిండు చార్జీ ఎంతో అడిగి రాస్తూ వచ్చారన్న సంగతి అప్పుడు తెలిసింది. ఎవరూ అడగని లెక్క ఆయన రోజూ అప్పజెప్పుతున్నారు! తర్వాత రెండు రోజులూ మ్యూరెన్ ఊరికీ, తూన్ సరస్సు మీదికీ అందరం కలిసే వెళ్లాం. మేం ముగ్గురం టిక్కెట్టు యంత్రం దగ్గర నిలబడి బొత్తాములు నొక్కుతూంటే ఆయన ముందే వెళ్లి కిటికీ పక్కన నలుగురికీ చోటు పట్టేవారు.

ఎనిమిదోనాడు జ్యూరిక్ విమానాశ్రయం చేరేసరికి మా విమానానికి ఇంకా చాలా టైముంది. నాన్నగారు బల్ల మీద కూచుని పుస్తకం తీసి కూడారు. మళ్లీ కింద నుంచి పైకి కూడారు. "589" అన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పోనీలెండి మామయ్యగారూ, తొమ్మిదే గదా" అంది మా ఆవిడ.

"ఇక్కడినుంచి ఊళ్లోకి బండి పది నిమిషాలేనమ్మాయ్" అన్నారాయన లేస్తూ. "వెళ్లి వెంటనే వచ్చేస్తాను. రానూపోనూ పదమూడు పైన పడుతుంది."

"నేనూ వస్తా తాతయ్యా" అని మా అమ్మాయి లేచింది. దానికి టిక్కెట్టక్కర్లేదు, అయితే పిల్లల కార్డు మా ఇద్దరిలో ఒకరు వెంట ఉంటేనే చెల్లుతుంది. అందుకని నేను యంత్రం దగ్గరికి పరుగెత్తి, సగం కార్డు మీద నాకూ ఒక రానూపోనూ టిక్కెట్టు కొన్నాను. ముగ్గురం మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లేసరికి బండి సిద్ధంగా ఉంది. మా ఆవిడ నాలుగు పెట్టెలకూ కాపలాగా పైన ఉండిపోయింది.